వాచికం క్లాసు

పాలకొండ రోడ్డులో, ఎరువుల కొట్టు పైన
మా నట శిక్షణాలయం.
మెట్లెక్కేవాళ్ళకి ముందు యూరియా వాసన తగులుతుంది,
తర్వాత అద్దం.
గోడ పొడుగునా అద్దమే. ఒక మూల బీట వేస్తే
దానిమీద వినాయకుడి స్టిక్కరు అంటించారు.

మూడు నెలల కోర్సు, రెండు వాయిదాల్లో ఫీజు.
ఏడవడం
రెండో వాయిదా కట్టాక నేర్పుతారు.

నేను వాచికం చెబుతాను.
శ్రీకాకుళం కాంప్లెక్సులో ముప్పై ఒక్క ఏళ్ళు
మైకు ముందు కూర్చున్నవాణ్ణి.
"టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం వెళ్ళు బస్సు
ఐదవ నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది."
ఆ "ఉన్నది" కోసమే నన్ను పెట్టుకున్నారు.
మా ఇంట్లో ఆ మాట అలా ఎవరూ అనగా వినలేదు.
మా అమ్మకి అంబలి వున్నాది, ఆకలీ వున్నాది.

ఈ బ్యాచ్‌లో పదకొండుమంది.
సెల్ పాయింట్‌లో చేసే హేమసుందరి,
వల అన్నకి వదిలేసి వచ్చిన గనగళ్ళ ఎర్రయ్య,
ఫార్మసీ తప్పిన ఇద్దరు,
బూర్జ నుంచి రోజూ వచ్చిపోయే బెవర తవిటినాయుడు.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే
వీణ్ణి పొరుగింటికిచ్చి
చాటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారట.
ప్రిన్సిపాల్ గారు అడ్మిషన్ ఫారం మీదే కొట్టేసి
తేజస్ అని రాశారు.
తవుడు సంగతి ఫారంలో రాసే గడి లేదు.

పళ్ళ మధ్య పెన్సిలు పెట్టి చదివిస్తాను.
ఏటి కాదు, ఏమిటి.
ఎల్లిపోనాడు కాదు, వెళ్ళిపోయాడు.
బేగి కాదు నాయనా, త్వరగా.
చొంగ కారుతుంది, చేతిరుమాళ్ళు తడుస్తాయి.
మూడో నెలకి పదకొండుమందీ
బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న బస్సుల్లా మాట్లాడారు.
నాకు గర్వంగా ఉండేది. ఎందుకు దాచాలి?

సీరియల్ వాళ్ళొచ్చారు హైదరాబాదు నుంచి.
వాచ్‌మన్ వేషమట. నాలుగు ఎపిసోడ్లు.
"మీ యాస కావాలి, అందుకే ఇంత దూరం వచ్చాం" అన్నారు.
హేమసుందరి నా వైపు చూసింది.
నేను వినాయకుడి వైపు చూశాను.

ఒక్కొక్కరే వచ్చి చెప్పారు,
"అయ్యా, గేటు తెరిచి ఉన్నది."
మేనేజరు నుదురు కొట్టుకుని
ఇలా ఉండాలంటూ ఫోన్లో ఏదో చూపించాడు.
అందులో ఎవడో మాటమాటకీ సాగదీసి, మెడ తిప్పి, పళ్ళికిలిస్తున్నాడు.
ఆ భాష నాగావళికి ఇటు లేదు, అటూ లేదు.
తవిటినాయుడు రెండుసార్లు చూశాడు.
మూడోసారి అచ్చం దింపేశాడు.
గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, అలవాటు చొప్పున.
వేషం వాడికే.

అంతలో వాడి ఫోను మోగింది. మెట్ల మీదికెళ్ళి,
"అమ్మా, నానే. తినీసినాను. లేదే, నిజిమే తినీసినాను.
నువ్వు తొంగో, నానొచ్చీత్తాను" అన్నాడు.
కెమెరా అప్పటికే సంచిలో పెట్టేశారు.
మేనేజరు టీ డబ్బులు లెక్కిస్తున్నాడు.

సాయంత్రం కాంప్లెక్సు మీదుగా నడిచాను.
అక్కడింకా నా గొంతే, రికార్డులో,
మూడవ నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది అంటోంది.
మూడో నంబరులో కుక్క పడుకుని ఉంది.
గంప మీద చెయ్యి వేసుకున్న ఒక ముసలామె
పైనున్న స్పీకరు కేసి గడ్డం ఎత్తి,
"ఏటంతంది బావూ, అది?" అని అడిగింది.

నోట్లో పెన్సిలు ఉన్నట్టే అనిపించింది కాసేపు.

"రానేదమ్మా ఇంకా," అన్నాను. "కూకో."
గంప కాస్త జరిపింది.
నానూ కూకున్నాను.